లెక్క బయటికొచ్చాక

మందుబిళ్ల చేదు నాలుకకు తగలకుండా, తేమకు పాడవకుండా పైన పల్చటి పూత వేస్తారు. పూత పదార్థాన్ని ఏదో ఒక ద్రావకంలో కరిగించి, తిరుగుతున్న డ్రమ్ములో దొర్లే బిళ్లల మీద చల్లుతారు. ద్రావకం ఆవిరైపోతుంది, పూత మిగులుతుంది. ఆ ఆవిరి ఫ్యాక్టరీ కప్పు దాటి ఊరి గాలిలో కలుస్తుంది. మందుల ఫ్యాక్టరీల ద్రావకాల వాసన ఎలా ఉంటుందో జీడిమెట్ల, పటాన్‌చెరు చుట్టుపక్కల వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్‌లో రైకర్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీకీ ఈ చిక్కే వచ్చింది. అది త్రీఎం సంస్థకు చెందిన కంపెనీ. అక్కడ గాలి కాలుష్యం మీద నిబంధనలు బిగుస్తున్నాయి. ఆవిరిని పట్టి ఆపే యంత్రాలు పెట్టాలంటే 1,80,000 డాలర్లు కావాలి. ఇంజినీర్లు యంత్రం జోలికి పోకుండా పూతనే మార్చారు. ద్రావకం బదులు నీళ్లతో కలిపే పూత తయారు చేశారు. దానికైన ఖర్చు 60,000 డాలర్లు. ఏడాదికి 24 టన్నుల ఆవిరి గాల్లో కలవడం ఆగిపోయింది. పైగా ద్రావకం కొనే పని తప్పి ఏటా 15,000 డాలర్లు మిగిలాయి.

వ్యాపార సంస్థలు చట్టం చెప్పినదానికి మించి, తమంతట తాము కాలుష్యం తగ్గించుకునే కార్యక్రమాల కథ మొదలైంది ఇలాంటి పనులతోనే. త్రీఎంలో దీన్ని ఒక పద్ధతిగా మార్చిన మనిషి జోసెఫ్ లింగ్. బీజింగ్‌లో పుట్టి, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శానిటరీ ఇంజినీరింగ్‌లో డాక్టరేట్ చేసి, 1960లో త్రీఎంలో చేరారు. ఆయన వాదన సూటిగా ఉండేది. గొట్టం చివర యంత్రం పెట్టి పొగను పట్టుకుంటే అది బురదవుతుంది. బురదను ఆరబెడితే చెత్త దిబ్బవుతుంది. దిబ్బలోంచి ఊట నేలలోకి దిగుతుంది. కాలుష్యం చోటు మారుతుందే తప్ప పోదు. అందుకని అసలు పుట్టకుండా చూడాలన్నారు. 1975లో ‘కాలుష్య నివారణ లాభదాయకం’ అన్న పేరుతో కంపెనీ అంతటా కార్యక్రమం మొదలుపెట్టించారు.

అందులో చేరమని ఎవరినీ బలవంతపెట్టలేదు. ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజినీరో, రసాయన శాస్త్రవేత్తో తనకు తోచిన మార్పును రాసి ఇవ్వాలి. ఆ మార్పు కాలుష్యాన్ని తగ్గించాలి, సరుకునో కరెంటునో పొదుపు చేయాలి, సాంకేతికంగా కొత్తదనం ఉండాలి, కంపెనీకి డబ్బు మిగలాలి. ఆదా లెక్కలోనూ ఒక నియమం పెట్టుకున్నారు: ప్రతి మార్పుకూ మొదటి ఏడాది మిగిలిన సొమ్మే రాసుకోవాలి. అలా రాసుకున్నా 30 ఏళ్లలో 100 కోట్ల డాలర్లు దాటిందని కంపెనీ ప్రకటించింది.

లాభం ఇంత కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంటే మిగతా కంపెనీలన్నీ ఎగబడి రావాలి కదా! రాలేదు. చాలా ఫ్యాక్టరీల్లో తమ గొట్టాల్లోంచి ఏడాదికి ఎంత రసాయనం పోతోందో యాజమాన్యానికే తెలియదు. తెలుసుకోవాలన్న అవసరం కూడా ఎవరికీ కలగలేదు. ఆ అవసరాన్ని తెచ్చిపెట్టింది మన దేశంలో జరిగిన ఘోరం.

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసైనేట్ వాయువు లీకైంది. దాదాపు 40 టన్నులు. నిద్రలో ఉన్న బస్తీల మీద పడింది. వేలమంది చనిపోయారు, లక్షలమంది ఊపిరితిత్తులు, కళ్లు దెబ్బతిన్నాయి. ఏం పీల్చారో పీల్చినవాళ్లకు తెలియదు. వైద్యం చేయాల్సిన డాక్టర్లకూ తెలియదు. ఆ ఫ్యాక్టరీలో ఏముందో చుట్టూ ఉన్న ఊరికి కంపెనీ చెప్పలేదు.

అమెరికాలో ఈ వార్త చదివినవాళ్లకు వెంటనే ఇంకో పేరు గుర్తొచ్చింది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఇన్‌స్టిట్యూట్ అనే ఊరు. అదే యూనియన్ కార్బైడ్ అదే వాయువును తయారుచేసే ఫ్యాక్టరీ అప్పట్లో అక్కడుండేది. ఇక్కడ అలాంటిది జరగదని కంపెనీ ధైర్యం చెప్పింది. భోపాల్ జరిగి తొమ్మిది నెలలైనా కాకముందే, 1985 ఆగస్టు 11న, ఆ ఫ్యాక్టరీలో మరో విషరసాయనం లీకై వందమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. అక్కడా జనం అడిగింది అదే: మా పక్కనున్న ఫ్యాక్టరీలో ఏముంది? దాంట్లోంచి రోజూ మా మీదికి ఏమొస్తోంది?

ఈ ప్రశ్నకు చట్టరూపం 1986 అక్టోబరులో వచ్చింది. అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన ఆ చట్టంలో ‘విష విడుదలల పట్టిక’ అని ఒక ఏర్పాటుంది. మూడు వందలకు పైగా రసాయనాల జాబితా ఇచ్చారు. వాటిని నిర్ణీత పరిమాణం మించి తయారుచేసే, వాడే ప్రతి ఫ్యాక్టరీ ఏడాదికోసారి గాల్లోకి ఎంత వదిలింది, నీళ్లలోకి ఎంత, నేలలోకి ఎంత అని పేరు పేరునా రాసివ్వాలి. ఆ వివరాలను ప్రభుత్వం బీరువాలో దాచకుండా, కంప్యూటర్‌లో ఎవరైనా చూసుకునేలా జనం ముందు పెట్టాలి.

ఈ చట్టంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునే సంగతి ఒకటుంది. ఈ పట్టిక కింద ఒక్క కిలో రసాయనం కూడా తగ్గించమని ఏ ఫ్యాక్టరీకీ ఆదేశం లేదు. ఎంత వదులుతున్నారో చెప్పమంది, అంతే. ఆ చెప్పాల్సి రావడమే కంపెనీలను కదిలించింది.

మొదటి లెక్కలు సమర్పించడానికి ఆఖరు తేదీ 1988 జులై 1. తన కంపెనీ లెక్క చూసుకున్న మోన్‌శాంటో అధినేత రిచర్డ్ మహోనీ ఆ గడువుకు సరిగ్గా ఒక్క రోజు ముందు, జూన్ 30న, ఒక మాట ఇచ్చేశారు. ప్రపంచవ్యాప్తంగా తమ ఫ్యాక్టరీలు గాల్లోకి వదిలే విష వాయువులను 1992 చివరికల్లా 90 శాతం తగ్గిస్తామన్నారు. చట్టం అడగలేదు, కోర్టు అడగలేదు. రేపు పొద్దున్న ఊరందరికీ తెలిసిపోయే అంకెను తలెత్తుకుని చెప్పే దారి అదొక్కటే కనిపించి ఉంటుంది. ఆ తొంభై శాతాన్ని ఎలా సాధించాలో మాట ఇచ్చేనాటికి కంపెనీ ఇంజినీర్లకు పూర్తిగా తెలుసని నేననుకోను.

1989 జూన్ 19న పట్టిక మొదటిసారి జనంలోకి వచ్చింది. ఏ కంపెనీ ఎక్కువ వదులుతోందో పత్రికలు వరసపెట్టి అచ్చేశాయి. జేమ్స్ హామిల్టన్ అనే పరిశోధకుడు ఆ రోజు స్టాక్ మార్కెట్‌ను పరిశీలించి, పట్టికలో ఉన్న కంపెనీల వాటాల విలువ సగటున 41 లక్షల డాలర్లు పడిపోయిందని లెక్కగట్టారు. జరిమానా ఎవరూ వేయలేదు. పెట్టుబడిదారులే అంకెలు చదువుకున్నారు.

ఈ వేడి మీదే ప్రభుత్వం స్వచ్ఛంద కార్యక్రమానికి పిలుపునిచ్చింది. 1991 ఫిబ్రవరిలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి విలియం రైలీ ‘33/50’ని ప్రకటించారు. పట్టికలోంచి 17 రసాయనాలను ఎంచుకున్నారు. బెంజీన్, టొలూయీన్, సీసం, పాదరసం, కాడ్మియం, క్రోమియం, సైనైడ్... పేర్లు చూస్తేనే తెలుస్తుంది, ఎంత ప్రమాదకరమైనవో, ఎంత విరివిగా వాడకంలో ఉన్నవో. 1988లో ఇవన్నీ కలిపి దాదాపు 68 కోట్ల కిలోలు తేలాయి. దాన్ని 1992 నాటికి 33 శాతం, 1995 నాటికి 50 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. ఎక్కువ వదిలే కంపెనీలకు ముందుగా ఉత్తరాలు వెళ్లాయి, తర్వాత వేల కంపెనీలకు. చేరాలంటే చేయాల్సిందల్లా ఒక జవాబు ఉత్తరం రాయడం: మేం ఫలానా రసాయనాన్ని ఇంత తగ్గిస్తాం అని. ఎంతన్నది వాళ్లిష్టం. మాట తప్పితే శిక్ష లేదు. దాదాపు 1,300 కంపెనీలు రాశాయి. 50 శాతం లక్ష్యం ఏడాది ముందే, 1994లోనే అందింది.

ఇక్కడే ఆగి చప్పట్లు కొట్టేస్తే కథ సుఖాంతమే. కానీ నాణేన్ని తిరగేసి చూసినవాళ్లున్నారు. కార్యక్రమం ప్రకటించింది 1991లో, లెక్క మొదలెట్టింది 1988 నుంచి. ఆ మధ్య మూడేళ్లలో తగ్గినదంతా కూడా దీని ఖాతాలోనే పడింది. 17 రసాయనాల్లో కొన్ని ఓజోన్ పొరను దెబ్బతీసేవి కనుక మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఎలాగూ ఆపేయాల్సినవే. కార్యక్రమం వల్ల నిజంగా తగ్గాయని ఒక పరిశోధన తేల్చింది, అది లేకపోయినా తగ్గేవని మరొకటి తేల్చింది. నా అంచనా ఇది: ఉత్తరం ఒక్కటే అయితే ఇంత జరిగేది కాదు. వెనక పట్టిక ఉంది. మాట ఇచ్చిన కంపెనీ నిలబెట్టుకుందో లేదో మరుసటి ఏడాది అంకెలు తీసి ఎవరైనా చూడొచ్చు.

అలా చూసే వీలు లేనిచోట ఏమైందో తెలుసుకోవాలంటే రసాయన పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న కార్యక్రమాన్ని చూడాలి. భోపాల్ తర్వాత పరువు కాపాడుకోవడానికి కెనడా కంపెనీలు 1985లో ‘బాధ్యతాయుత సంరక్షణ’ మొదలుపెట్టాయి, 1988లో అమెరికా కంపెనీలు అందుకున్నాయి. నియమావళి బాగానే రాసుకున్నారు. పాటించారో లేదో బయటివాళ్లు వచ్చి తనిఖీ చేసే ఏర్పాటు మొదట్లో లేదు. ఆండ్రూ కింగ్, మైకేల్ లెనాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో అదే విష విడుదలల పట్టికను ముందు పెట్టుకుని పోల్చారు. సభ్య కంపెనీలు చేరనివాటికన్నా వేగంగా మెరుగుపడిన దాఖలా కనిపించలేదు. ఆ తర్వాతే పరిశ్రమ బయటి తనిఖీని తప్పనిసరి చేసుకుంది.

కరెంటు పొదుపు చేసే వస్తువుల మీద వేసే ‘ఎనర్జీ స్టార్’ గుర్తు కథ కూడా ఇలాంటిదే, కాకపోతే అది మన ఇళ్లదాకా వచ్చింది. 1991లో ‘గ్రీన్ లైట్స్’ పేరుతో ఆఫీసుల్లో దీపాలు మార్చుకునే కార్యక్రమం పెట్టిన అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థే, 1992లో కంప్యూటర్ల మీద దృష్టి పెట్టింది. ఆఫీసుల్లో కంప్యూటర్లు రాత్రంతా, సెలవు రోజుల్లోనూ వెలుగుతూనే ఉండేవి. వాడనప్పుడు దానంతట అదే నిద్రలోకి జారుకుని 30 వాట్లకు మించి తినని కంప్యూటర్ చేస్తే దాని మీద నక్షత్రం గుర్తు వేసుకోవచ్చన్నారు. 1993 ఏప్రిల్‌లో అధ్యక్షుడు క్లింటన్, ప్రభుత్వ ఆఫీసులు ఇకమీదట ఆ గుర్తున్నవే కొనాలని ఆదేశించారు. అంత పెద్ద గిరాకీ కళ్లముందు కనబడితే ఏ తయారీదారు వదులుకుంటాడు? చూస్తుండగానే కంప్యూటర్లన్నిటికీ నిద్రపోయే అలవాటు వచ్చేసింది. ఆ గుర్తుకు విలువ తెచ్చింది ఆ కొనుగోలు ఆదేశమే అని నాకనిపిస్తుంది.

అంత పేరున్న గుర్తు కూడా తనిఖీ లేకపోతే ఎంత పలచబడుతుందో 2010లో బయటపడింది. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఉత్తుత్తి కంపెనీలు పెట్టి, లేని వస్తువులు 20 సృష్టించి ఎనర్జీ స్టార్‌కు దరఖాస్తు చేసింది. 15 వస్తువులకు గుర్తు వచ్చేసింది. వాటిలో ఒకటి పెట్రోలుతో నడిచే అలారం గడియారం. ఇంకొకటి గదిలో గాలి శుభ్రం చేసే యంత్రమట. ఫొటోలో ఉన్నది రూమ్ హీటర్, దానికి తగిలించిన ఈకల దుమ్ము బ్రష్షు. కంపెనీ పంపిన కాగితాన్ని పరీక్షించి చూడకుండానే ఒప్పేసుకున్నారు. 2011 నుంచి బయటి ప్రయోగశాల పరీక్ష తప్పనిసరైంది. మన ఫ్రిజ్‌ల మీద, ఏసీల మీద ఉండే స్టార్ లేబుల్ కూడా 2006లో స్వచ్ఛందంగానే మొదలై, 2010లో కొన్నిటికి తప్పనిసరైంది.

మళ్లీ త్రీఎం దగ్గరికి రావాలి. లింగ్ కార్యక్రమం నిజమైనది, దాని ఫలితాలూ నిజమైనవే. అదే కంపెనీ అదే దశాబ్దాల్లో పీఫాస్ అనే రసాయనాలను తయారుచేసింది. నీరు, నూనె అంటకుండా చేసే ఈ రసాయనాలు ఒకసారి నీళ్లలోకి, నేలలోకి చేరితే విచ్ఛిన్నం కావు. తన సొంత రాష్ట్రం మిన్నెసోటాలో తాగునీరు పాడైనందుకు త్రీఎం 2018లో 85 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈ రసాయనాలు విష విడుదలల పట్టికలోకి ఎక్కింది ఎప్పుడో తెలుసా? 2020లో. పట్టికలో ఉన్నవి మొత్తమ్మీద తగ్గాయి. లేనివి కొళాయి నీళ్లదాకా వచ్చేశాయి.

ఈ కథలో మన హైదరాబాద్‌కూ పాత్ర ఉంది. 2000 మార్చిలో క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఇక్కడ హరిత వ్యాపార కేంద్రం పెట్టాలన్న ఆలోచనకు ఊపొచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత పరిశ్రమల సమాఖ్య సీఐఐ, గోద్రెజ్ కుటుంబ ఫౌండేషన్ చేతులు కలిపితే, అమెరికా సహాయ సంస్థ సాంకేతికంగా తోడ్పడింది. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను ప్రారంభించారు. హైటెక్ సిటీ దగ్గర, మధ్యలో ముంగిలితో గుండ్రంగా ఉంటుంది. లోపలికి వచ్చే గాలిని చల్లబరచడానికి గాలి గోపురాలు, కప్పు మీద తోట, వాడిన నీళ్లను మొక్కల వేళ్లతో శుద్ధి చేసి ఆవరణలోనే వాడుకునే ఏర్పాటు. అమెరికా బయట, హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అదే. అక్కడి ఇంజినీర్లు సిమెంటు, కాగితం, మందుల ఫ్యాక్టరీలకు వెళ్లి కరెంటు, నీళ్లు ఎక్కడ వృథా అవుతున్నాయో చూపిస్తారు. గ్రీన్‌కో పేరుతో రేటింగ్ ఇస్తారు. ఇదంతా మెచ్చుకోవాల్సిన పని.

2003లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా పరిశ్రమలతో మాట్లాడి ఒక బాధ్యతా పత్రం తయారుచేసింది. ఎక్కువ కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు చట్టానికి మించి ఏమేం చేస్తాయో అందులో ఉంది. మందుల పరిశ్రమ కూడా ఉంది.

మన దగ్గర లోపించింది పట్టిక. ఏ కంపెనీకి ప్లాటినం రేటింగ్ వచ్చిందో పేపర్లో చదువుతాం. ఆ ఫ్యాక్టరీ పోయిన ఏడాది ఎన్ని కిలోల టొలూయీన్ గాల్లోకి వదిలిందో పక్క ఊరి సర్పంచ్ చూసుకునే చోటు లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్‌ఆర్ వెంకటాపురం మీద స్టైరీన్ ఆవిరి కమ్మినప్పుడు 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీ గోడ అవతల ట్యాంకులో స్టైరీన్ అనే రసాయనం ఒకటి ఉందని ఆ రోజే పేరు విన్న కుటుంబాలు ఎన్నో. భోపాల్ అమెరికాకు నేర్పిన పాఠం మనకింకా అందలేదంటే బాధ కలగదా?

పట్టిక లేదన్నాను గానీ, దానికి కావలసిన సరుకు ఎప్పటినుంచో మన ఆఫీసుల్లోనే ఉంది. పర్యావరణ పరిరక్షణ నియమాల్లో 14వది ప్రకారం, అనుమతి తీసుకుని నడిచే ప్రతి పరిశ్రమా ఏటా సెప్టెంబరు 30లోగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఫారం 5 సమర్పించాలి. 1990ల తొలినాళ్ల నుంచి ఉన్న నియమమిది. దాని పేరు పర్యావరణ ప్రకటన. ఒక్కో యూనిట్ సరుకుకు ఎన్ని నీళ్లు, ఎంత ముడిపదార్థం వాడారో భాగం బి. గాల్లోకి, నీళ్లలోకి వదిలిన కాలుష్యం ఎంతో భాగం సి. ప్రమాదకర వ్యర్థాలు భాగం డి. భాగం జి ఇంకా విశేషమైనది: కాలుష్యం తగ్గించే చర్యల వల్ల వనరులు ఎంత మిగిలాయి, ఉత్పత్తి ఖర్చు మీద ప్రభావం ఏమిటి అని అడుగుతుంది. జోసెఫ్ లింగ్ తన ఇంజినీర్లను అడిగిన ప్రశ్న అచ్చంగా ఇదే.

రెండు తెలుగు రాష్ట్రాల మండళ్లు ఈ ఫారాలను ఫ్యాక్టరీల వారీగా, తెలుగులో, అందరూ చూసేలా పెడితే మన పట్టిక మనకు వచ్చినట్టే. కొత్త చట్టం అక్కర్లేదు. ఈలోగా మీ ఊరి పక్కన ఫ్యాక్టరీ ఉంటే ఒక పని చేయండి. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలోని పౌర సమాచార అధికారి పేరున తెల్లకాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాయండి. ఫ్యాక్టరీ పేరు, గ్రామం రాసి, గత మూడేళ్ల ఫారం 5లో సి, డి, జి భాగాల నకళ్లు కావాలని అడగండి. వ్యాపార రహస్యమని కాదంటే, ప్రజా ప్రయోజనం ఉన్నప్పుడు ఇవ్వవచ్చని సమాచార హక్కు చట్టంలోని 8వ సెక్షన్ చెబుతోందని అప్పీలులో రాయండి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.